రెండో న్యాయం

మాణికేశ్వర్ నగర్‌ని పాతవాళ్ళు ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే అంటారు. ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకునే ఉంటుంది. రాయి కొట్టడం, మట్టి తవ్వడం వడ్డెరల కులవృత్తి. 1934లో పునాది పడి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గ్రానైటు కట్టడం. ఆ రాయి కొట్టింది మా తాతలే అని చెప్పుకునే పెద్దలు ఈ బస్తీలో ఉన్నారు. ఇప్పుడు ఉలి, సుత్తి పట్టేవాళ్ళు తక్కువ. అడ్డా మీద నిలబడే కూలీలు, సెంట్రింగ్ పనివాళ్ళు, ఆటోలు నడిపేవాళ్ళు, హాస్టల్లో సీటు దొరకని విద్యార్థులకు గదులు అద్దెకిచ్చేవాళ్ళు ఎక్కువ. అలాంటి ఒక గదిలో నేను ఎమ్మే చదివాను.

ఆ రోజుల్లో మా ఎదురింట్లో వంటింటి గట్టుకి గ్రానైటు బండ తెప్పించారు. ఇద్దరు కూలీలు దాన్ని మెట్ల మీదుగా మూడో అంతస్తుకి మోస్తుంటే మలుపు దగ్గర గోడకి తగిలి రెండు ముక్కలైంది. సాయంత్రం ఇంటాయన కూలీ డబ్బు ఆపేశాడు. గల్లీ అంతా పోగయింది.

"రాయి పగలగొట్టి పైసలడుగుతున్నవా?"

"పగలగొట్టిననా అన్నా? పగిలింది. పొద్దుగాల్నుంచి మోసినం, అది లెక్కకు రాదా?"

రాత్రి దాకా నడిచి, చివరికి ఎవరో పెద్దమనిషి సగం కూలీ ఇప్పించాడు. ఇంటాయన గొణుక్కుంటూ ఇచ్చాడు, కూలీలు గొణుక్కుంటూ తీసుకున్నారు. ఆ ఇరుకు మెట్ల మీద అంత పెద్ద బండని ఎక్కించమన్నది ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

ఏళ్ళ తర్వాత, అచ్చం ఇదే తగాదా యూదుల తల్మూద్‌లో కనిపించింది. తోరా అంటే మోషే పేరు మీదున్న ఐదు పుస్తకాలు, మన క్రైస్తవుల ఇళ్ళలో బైబిల్ మొదట్లో ఉండేవే. తల్మూద్ ఆ పుస్తకాలు పెట్టిన నియమాల మీద రబ్బీలు, అంటే యూదుల మతపండితులు, తరాల తరబడి చేసిన వాదోపవాదాలు. అందులో బావా మెత్సియా అనే భాగంలో పనివాళ్ళని కుదుర్చుకోవడం గురించి ఒక అధ్యాయం మొత్తం ఉంది. దాని చివర ఈ కథ. బాబిలోనియాలో రబ్బా అనే పండితుడి ద్రాక్షసారా పీపాని హమాలీలు మోస్తూ పగలగొట్టారు. ఆయన నష్టం కింద వాళ్ళ పైబట్టలు లాక్కున్నాడు. వాళ్ళు వెళ్ళి రవ్ దగ్గర మొరపెట్టుకున్నారు. రవ్ అంటే మూడో శతాబ్దంలో సూరా విద్యాపీఠం పెట్టినవాడు, మాటకి తిరుగులేని మనిషి. "బట్టలు తిరిగిచ్చెయ్" అన్నాడు. "ఇది చట్టమేనా?" అని రబ్బా అడిగాడు. "అవును, మంచివాళ్ళు నడిచే దారి అది" అని సామెతల గ్రంథం వైపు చూపించాడు రవ్. బట్టలు తీసుకున్నాక హమాలీలు మళ్ళీ నోరు విప్పారు: మేం బీదవాళ్ళం, పొద్దంతా కష్టపడ్డాం, ఆకలేస్తోంది, చేతిలో ఏమీ లేదు. "వాళ్ళ కూలీ ఇచ్చెయ్" అన్నాడు రవ్. రబ్బా మళ్ళీ అదే ప్రశ్న: ఇది చట్టమేనా? రవ్ మళ్ళీ అదే జవాబు: అవును.

నన్ను పట్టుకున్నది ఆ "అవును". దయ చూపించు, పెద్దమనసు చేసుకో అని రవ్ అనలేదు. అలా అని ఉంటే కథ మామూలు నీతికథ అయ్యేది, రబ్బా ఇంటికెళ్ళి పుణ్యం చేశానని నిద్రపోయేవాడు. చట్టమేనా అని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చట్టమే అన్నాడు. మరి కాగితం మీదున్న చట్టం అలా లేదు. మోసేవాడి నిర్లక్ష్యం వల్ల సరుకు పగిలితే వాడే కట్టాలి, అజాగ్రత్త లేదంటే ప్రమాణం చెయ్యాలి, అని అదే అధ్యాయంలో ఉంది.

పైగా తోరాలో ఇంకో గట్టి నియమం ఉంది. తీర్పు చెప్పేటప్పుడు గొప్పవాడి ముఖం చూడొద్దు, బీదవాడని పక్షపాతమూ చూపించొద్దు. లేవీయకాండము పంతొమ్మిదో అధ్యాయంలో ఈ రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి. నిర్గమకాండములో బీదవాడి సంగతి విడిగా మరోసారి వస్తుంది. బీదల పక్షం అని గోడల మీద రాసుకునే మా క్యాంపస్‌లో ఈ మాట చెబితే తన్నేవాళ్ళు. నాకూ మొదట నచ్చలేదు. పక్షపాతం వద్దన్న తోరాని చదువుకున్న రవ్, హమాలీల తరఫున తీర్పెలా చెప్పాడు?

ద్వితీయోపదేశకాండము పదహారో అధ్యాయానికి రావాలి. యోర్దాను దాటబోయే జనానికి మోషే చివరి మాటలు చెబుతుంటాడు. ఊరూరా గుమ్మాల దగ్గర న్యాయాధిపతుల్ని పెట్టుకోండి, లంచం తినొద్దు, అది జ్ఞానుల కళ్ళకి కూడా గంతలు కడుతుంది అంటాడు. ఆ వెంటనే న్యాయాన్ని తరుముకుంటూ వెళ్ళండి అంటాడు, న్యాయం అన్న మాటని వెనువెంటనే రెండుసార్లు పలికి. తోరాలో ఒక్క అక్షరం ఊరికే ఉండదని రబ్బీల నమ్మకం. కాబట్టి రెండోసారి ఎందుకు అన్నది వాళ్ళకి పెద్ద ప్రశ్నే అయింది. తల్మూద్ ఇచ్చిన ఒక జవాబు ప్రకారం మొదటి న్యాయం నిక్కచ్చి తీర్పు, రెండోది రాజీ. ఇంకో జవాబు ప్రకారం, మంచి న్యాయస్థానం ఎక్కడుంటే అక్కడికి వెతుక్కుంటూ నడిచివెళ్ళమని. పదకొండో శతాబ్దపు ఫ్రెంచి వ్యాఖ్యాత రష్షీ ఈ రెండోదాన్నే తీసుకున్నాడు. ఫలానా ఊళ్ళో ఫలానా రబ్బీ ఉన్నాడు, అక్కడికి పో, అని తల్మూద్ ఊళ్ళ పేర్లతో జాబితా కూడా ఇస్తుంది. న్యాయం మనసులో ఉంటే చాలదు, కాళ్ళకి పని చెప్పాలన్నమాట.

ఈ లెక్కన రవ్ తీర్పు అర్థమైంది. ఎదురుగా ఉన్నది ఎవరన్న దాన్నిబట్టి ఆయన మాట్లాడాడు. రబ్బా పండితుడు, మొదటి న్యాయం అతనికి కంఠతా వచ్చు, దాన్ని ఆయుధంగా వాడుకోవడమూ వచ్చు. అలాంటివాడికి రెండో న్యాయం గుర్తుచెయ్యాలి. నీ హక్కు నీకున్నంత మాత్రాన నీ బాధ్యత తీరిపోలేదని చెప్పాలి. హమాలీలకైతే మొదటి న్యాయమే ఇంకా దక్కలేదు. బట్టలు పోయాకే వాళ్ళు గుమ్మం ఎక్కారు. ఈ విభజన తల్మూద్ చేసింది కాదు, నేను చేసుకుంటున్నది. కానీ దీని వెలుగులో మన దగ్గర జరిగినవి కొన్ని చూస్తే నాకు కొంచెం స్పష్టంగా కనిపించాయి.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు అడిగిన వాటిలో ఒకటి, విచారణ మా ఊళ్ళోనే జరగాలని. పట్నం కోర్టుకి కూలిపని మానుకుని వెళ్ళడం, ఛార్జీలు, వాయిదాలు, దారిలో బెదిరింపులు, ఇవన్నీ తెలిసినవాళ్ళ కోరిక అది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద, నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టడం దేశంలో అదే మొదలు. ఊరి గుమ్మం దగ్గర న్యాయాధిపతి అని మోషే ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ, నాకు చుండూరే గుర్తొస్తుంది. రష్షీ మంచి కోర్టు వెతుక్కుంటూ నడవమన్నాడు. ఇక్కడివాళ్ళు కోర్టునే నడిపించుకొచ్చారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై ఐదు మందికి ఏడాది జైలు. అంటే పదహారేళ్ళకి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది.

చుండూరు వాళ్ళకి రాజీ గురించి ఎవరైనా ఉపదేశం చేస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో ఊహించండి. వాళ్ళడిగింది నిక్కచ్చి తీర్పు. దళితులని పక్షపాతం చూపించమని కాదు, మనిషిని చంపితే ఎవరికైనా పడే శిక్షే పడాలని. బీదవాడికి పక్షపాతం వద్దన్న ఆ నియమం అప్పుడు నాకు మింగుడుపడింది. బీదవాడికి నిజంగా కావలసింది అది కాదు కాబట్టి, తోరా దాన్ని వద్దన్నా అతనికొచ్చే నష్టం లేదు.

చుండూరుకి పెద్ద దూరం లేని చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. చాలామందికి తెలియదు. తమని బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము గోత్రపు పిల్లలు, అని చెప్పుకుంటారు. కొద్ది పదుల కుటుంబాలు, మాదిగలు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఒకప్పుడు క్రైస్తవులుగా ఉన్నవాళ్ళు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు ముందుండి నడిపించగా 1990ల మొదట్లో ఊళ్ళో సమాజమందిరం వెలిసింది. విశ్రాంతిదినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఇశ్రాయేలు దేశపు రబ్బీల పెద్దలు వీళ్ళ వాదనని గుర్తించలేదు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ళ మీద 2013లో ఒక పుస్తకమే రాశారు. కులానికీ మతానికీ మధ్య ఈ సంఘం చేస్తున్న పెనుగులాటే దాని విషయం.

వాళ్ళ పూర్వీకులు నిజంగా ఎఫ్రాయిము గోత్రమా కాదా అన్న చర్చలో నాకు ఆసక్తి లేదు. బ్రాహ్మణ గోత్రాల్లో ఋషుల పేర్లకి ఎవరూ జన్యుపరీక్ష అడగరు. నాకు ఆసక్తి ఏమిటంటే, ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసల కథని ప్రతి ఏటా పస్కా పండక్కి తమ సొంత కథగా చెప్పుకునే మతాన్ని, వెట్టి తెలిసిన పల్లె ఒకటి తన ఇంటి మతం అనుకోవడం. పరదేశిని బాధపెట్టొద్దు, నువ్వూ ఐగుప్తులో పరదేశివే అని తోరా పదే పదే అంటుంది. ఆ గుర్తుచెయ్యడం ఎవరికి? బానిసత్వం నుంచి బయటపడి, భూమీ పొలమూ సంపాదించుకుని, రేపు తానే యజమాని కాబోయేవాడికి. అది రెండో న్యాయమే. కొత్తరెడ్డిపాలెం వాళ్ళకి ఇంకా పొలాలు రాలేదు.

ఈ రెండో న్యాయం ఎంత చిన్న చిన్న విషయాల దాకా వెళుతుందో చెబితే తప్ప దాని రుచి తెలియదు. కూలీకి పొద్దు గూకక ముందే డబ్బివ్వాలి. అతను బీదవాడు, ప్రాణమంతా దాని మీదే పెట్టుకుని ఉంటాడు, అని ద్వితీయోపదేశకాండము ఇరవై నాలుగో అధ్యాయం. ప్రాణం పెట్టుకోవడం అంటే ఏమిటని తల్మూద్ అడిగి తానే చెబుతుంది: ఆ మనిషి నిచ్చెన ఎక్కింది, చెట్టుకి వేలాడింది, చావుకి తెగించింది కూలీ కోసమే కదా? సెంట్రింగ్ పనివాళ్ళున్న బస్తీలో దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మూడు నెలల బిల్లు ఆగిపోయిందని మేస్త్రీ చెప్పినప్పుడల్లా నాకు ఆ నిచ్చెనే గుర్తొస్తుంది.

అదే అధ్యాయంలో అప్పు గురించి ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి వెళ్ళకూడదు. బయట నిలబడాలి, లోపలి మనిషే తెచ్చి ఇవ్వాలి. తాకట్టు పెట్టింది కప్పుకునే బట్ట అయితే పొద్దుగూకేసరికి తిరిగిచ్చెయ్యాలి, రాత్రికి అతను దేన్ని కప్పుకుంటాడు? రవ్ మనసులో ఆ బట్టే ఉండి ఉంటుంది. మన దగ్గర 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు ఇళ్ళ ముందు కూర్చోవడం, ఆత్మహత్యలు, అదంతా గుర్తుండే ఉంటుంది. ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూలు పంచాయతీ ఆఫీసులాంటి బహిరంగ స్థలంలోనే జరగాలంది, బలవంతపు వసూళ్ళు నేరమంది. గుమ్మం దగ్గర ఆగు అన్నమాట వేల ఏళ్ళ దారి నడిచి ఆర్డినెన్సుగా వచ్చినట్టనిపించింది నాకు. కంపెనీలు మాత్రం దాన్ని వ్యాపారం మీద దెబ్బ అనే చూశాయి. అది అబద్ధం కాదు కూడా.

దానం దగ్గరికొస్తే యూదుల మాట ఇంకా సూటిగా ఉంటుంది. ఇవ్వడం దయ కాదు, బాకీ. పొలం మూలలు కొయ్యకుండా వదలాలి, కోతలో రాలిన పరిగె ఏరుకోకూడదు, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్ళకూడదు. అవి బీదవాళ్ళవి, రైతు ఇస్తున్నవి కావు. పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో వైద్యుడిగా బతికిన మైమోనిడిస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. మొహం మాడ్చుకుని ఇవ్వడం అన్నిటికన్నా కింద. అన్నిటికన్నా పైన, మనిషికి అప్పో భాగస్వామ్యమో పనో ఇచ్చి మళ్ళీ చెయ్యి చాచే అవసరం లేకుండా నిలబెట్టడం. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ చేసింది ఈ పై మెట్టు పనే. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత ముక్క తాను కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకి పని ఇచ్చాడు. కరువు నడుస్తున్నన్నాళ్ళూ కొత్తగా బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలైలో ఒక్కరోజే రెండువేల పైచిలుకు మంది బాప్తిస్మం తీసుకున్నారన్నది వేరే కథ.

ఇక్కడ చిన్న పక్కదారి. యూదుల న్యాయచింతనలో నాకు అసూయ కలిగేది అబ్రాహాము. సొదొమ పట్టణాన్ని నాశనం చేస్తానని దేవుడంటే అబ్రాహాము ఎదురు నిలబడి, యాభైమంది మంచివాళ్ళుంటే వదిలేస్తావా అని మొదలుపెట్టి, నలభై ఐదు, నలభై, ముప్పై, ఇరవై, పది దాకా బేరం దించుతాడు. లోకానికంతా తీర్పరివి, నువ్వే అన్యాయం చేస్తావా అని నిలదీస్తాడు. దేవుడితో దెబ్బలాడటం మనకి కొత్త కాదు. గోల్కొండ జైల్లో భక్త రామదాసు రాముణ్ణి దులిపేశాడు. అయితే రామదాసు తగాదా తన చెర గురించి, తాను చేయించిన నగల ఖర్చు గురించి. అబ్రాహాముకి సొదొమలో ఆస్తి లేదు. సోదరుడి కొడుకు ఒకడున్నాడు గానీ బేరంలో అతని పేరెత్తలేదు. తనకేమీ కాని ఊరివాళ్ళ కోసం వాదించాడు. మన భక్తి సాహిత్యంలో అలాంటి తగాదా కోసం వెతుకుతూనే ఉన్నాను.

రాజీ అన్నాను కదా, రెండో న్యాయానికి తల్మూద్ ఇచ్చిన ఉదాహరణ ఇంకా చెప్పలేదు. బేత్ హోరోను అనే ఇరుకు కొండదారి మీద రెండు ఒంటెలు ఎదురుపడ్డాయి. రెండూ ఒకేసారి వెళ్ళబోతే రెండూ లోయలో పడతాయి. ఒకదాని తర్వాత ఒకటి వెళితే రెండూ దాటుతాయి. ఎవరు తగ్గాలి? బరువున్న ఒంటెకి బరువు లేనిది దారివ్వాలి. రెండింటి మీదా సమానమైన బరువుంటే? వాళ్ళలో వాళ్ళు రాజీపడాలి, ముందు వెళ్ళినవాడు తగ్గినవాడికి పరిహారం ఇవ్వాలి.

మొన్నటి ఎస్సీ వర్గీకరణ నాకు ఈ దారిగానే కనిపిస్తుంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. యాభై తొమ్మిది ఎస్సీ కులాలకి ఉమ్మడిగా ఉన్న పదిహేను శాతంలో మా వాటా మాకు విడిగా ఇవ్వండి అన్నది దండోరాగా పేరుపడ్డ ఆ ఉద్యమం. దాని నాయకుడు మంద కృష్ణ మాదిగ పాదయాత్రలు, ఒకసారి చట్టం రావడం, 2004లో సుప్రీంకోర్టు కొట్టెయ్యడం, మళ్ళీ మొదటికి రావడం. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో వర్గీకరణ సరైనదే అంది. ముప్పై ఏళ్ళు. తరమడం అంటే ఏమిటో అడిగేవాళ్ళకి ఇంతకన్నా చూపించగలిగేది నా దగ్గర లేదు. తెలంగాణలో జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ లెక్కలు చూసింది, 2025 ఏప్రిల్ 14 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. మూడు గ్రూపులు: ఒక శాతం, తొమ్మిది శాతం, ఐదు శాతం. మాదిగలు తొమ్మిదిలో, మాలలు ఐదులో.

ఎదురెదురుగా వచ్చిన ఒంటెల్లో ఏదీ ఉత్తది కాదు, అక్కడుంది చిక్కు. చుండూరులో చనిపోయింది మాలలు. 1985 జూలైలో కారంచేడులో అలాంటి దాడిలోనే చనిపోయింది మాదిగలు. ఒకరి మీద బరువు ఎక్కువ, ఒకరి మీద తక్కువ అని ఒక తరం ఉద్యోగాల లెక్క చెబుతుంది. ఆ లెక్కని నేను కాదనను, వర్గీకరణ న్యాయమనే నా అభిప్రాయం. కానీ ఒంటెల నియమంలో చివరి ముక్కని మన వాదనల్లో ఎక్కడా వినలేదు. తగ్గమని అడిగినవాడికి ఏమివ్వాలి?

చట్టం వచ్చిన కొత్తలో తార్నాకలో ఒక ఇరానీ హోటల్లో పాత స్నేహితులం కూర్చున్నాం. ఒకప్పుడు బస్తీలో నా పక్కగదిలో కలిసి ఉన్న ఇద్దరు, ఒకతను మాల, ఒకతను మాదిగ. ఒంటెల కథ చెప్పాను. మాల మిత్రుడు నవ్వి, "దారియ్యమంటే ఇస్తం, మరి ఇచ్చినందుకు ఏమిస్తరో అది గూడ ఆ చట్టంల రాయమను" అన్నాడు. మాదిగ మిత్రుడు గ్లాసు కింద పెట్టాడు. "ముప్పై ఏండ్లు మేం ఆ గుట్ట ఎక్కుతనే ఉంటిమి. అప్పుడు మాకు దారిచ్చినోడెవడు, పరిహారమిచ్చినోడెవడు?" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇంకో మూడు చాయ్ చెప్పాను, వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.